పోలీసులా, వైద్యమా అనే ముందు: మొదటి డోసు ఎన్ని గంటల్లో అందుతుంది?

“పేవ్‌మెంట్ల మీద టెంట్లు వేసుకుని అక్కడే మత్తుమందు ఎక్కించుకునేవాళ్లను పోలీసులతో ఖాళీ చేయించాలా, వైద్యం చేయించాలా? పోర్చుగల్ కేసులు ఎత్తేసి బాగుపడిందంటారు, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం అదే పని చేసి చేతులు కాల్చుకుందంటారు. ఎవరి మాట నమ్మాలి? పొద్దున్నే గేటు ముందు సిరంజీలు ఏరుకునేది మేమే కదా, మా గోడు ఎవరికి చెప్పుకోవాలి?” అని మీరు అడిగారు.

వ్యసనాల వైద్యంలో చాలాకాలంగా ఉన్నాను. ఆసుపత్రి వార్డులోనూ పనిచేశాను, రాత్రిళ్లు వీధుల్లో తిరిగే బృందాలతోనూ పనిచేశాను. పోలీసులంటే పడనివాణ్ణి అనుకోకండి. ఎవరు ఏ మూల స్పృహ తప్పి పడున్నారో మాకు ముందుగా కబురు చేసింది చాలాసార్లు బీట్ కానిస్టేబుళ్లే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోలీసు చర్య ఫలించడమూ బెడిసికొట్టడమూ ఒక్క విషయం మీద ఆధారపడతాయి: ఆ చర్య జరిగిన రోజునే ఆ మనిషికి చికిత్స మందు, తల దాచుకునే చోటు దొరుకుతాయా లేదా. మీరు చెప్పిన రెండు చోట్లనూ, మీరు చెప్పని స్విట్జర్లాండ్ నగరం జురిక్‌నూ ఈ లెక్కతో చూస్తే విషయం తేటపడుతుంది.

ముందు శరీరం సంగతి. ఈ వాదనల్లో అందరూ మర్చిపోయేది దాన్నే. హెరాయిన్ అలవాటైనవాడికి చివరి డోసు తర్వాత 6 నుంచి 12 గంటల్లో విత్‌డ్రాయల్, అంటే మత్తు అందక శరీరం పడే బాధ, మొదలవుతుంది. మొదట వరసగా ఆవులింతలు. ముక్కూ కళ్లూ కారతాయి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కంటిపాపలు పెద్దవవుతాయి. ఆ తర్వాత కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు, ఒళ్లంతా నొప్పులు. రెండో రోజో మూడో రోజో తారస్థాయికి చేరుతుంది. దీనివల్ల ప్రాణం పోవడం అరుదే గానీ, ఆ బాధలో ఉన్నవాడికి ఇంకో ధ్యాస ఉండదు. అలాంటివాడికి “వచ్చే మంగళవారం పదింటికి రండి, గుర్తింపు కార్డు తెచ్చుకోండి” అని చీటీ రాసిస్తే, మంగళవారం దాకా ఏం చేస్తాడో ఊహించడానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

ఆ గంటల్లోనే మన చేతిలో బ్యూప్రినార్ఫిన్ ఉంటే సంగతి వేరుగా ఉంటుంది. విత్‌డ్రాయల్‌ను అణిచే, నాలుక కింద పెట్టుకునే మందు. ఆవులింతలు, కంటిపాపలు, చెమట, నాడి అన్నీ చూసి పాయింట్లు వేస్తాం. విత్‌డ్రాయల్ తగినంత ముదిరిందని తేలాక ఇస్తే, గంటో రెండు గంటలో గడిచేసరికి మనిషి తేరుకుని కూర్చుంటాడు, మాట్లాడతాడు, ఏమైనా తింటానంటాడు. తొందరపడి ముందే ఇస్తే మాత్రం మందే విత్‌డ్రాయల్‌ను ఒక్కసారిగా తెచ్చిపెడుతుంది. హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటనిల్ వాడేవాళ్లతో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి అలా దెబ్బతిన్నవాడు ఆ మందు పేరెత్తితేనే దణ్ణం పెడతాడు, పక్క టెంట్లవాళ్లకూ చెబుతాడు. ఇదే పనికి వాడే ఇంకో మందు మెథడోన్‌తో ఆ చిక్కు లేదు గానీ డోసు మెల్లగా పెంచుకుంటూ పోవాలి, చాలా దేశాల్లో మొదట్లో రోజూ క్లినిక్‌కు వచ్చి మింగాలి. ఈ రెండింటిలో ఏది మానకుండా తీసుకున్నా చావు ముప్పు దాదాపు సగానికి పడిపోతుందని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. “ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారు” అనే మాట ఇప్పటికీ వింటూనే ఉంటాను, డాక్టర్ల నోట కూడా. వినీవినీ విసుగొచ్చింది.

ఇప్పుడు ఇదే మనిషిని అరెస్టు చేశారనుకోండి. జైల్లో మందు లేదు. వారం పది రోజులు నరకం చూసి లేస్తాడు. చూసేవాళ్లు “మానేశాడు” అనుకుంటారు. మత్తును తట్టుకునే శక్తి శరీరంలో తగ్గిపోయింది, కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు. బయటికొచ్చి పాత డోసే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు, ఆ రాష్ట్రంలోని మిగతా జనంతో పోలిస్తే 129 రెట్లని తేలింది. రోడ్ ఐలండ్ రాష్ట్రం 2016లో జైళ్లలోనే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్, మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ మూడూ అందుబాటులోకి తెచ్చి, విడుదలయ్యాక కూడా మందు తెగకుండా ఏర్పాటు చేసింది. ఏడాది తిరిగేసరికి విడుదలైనవాళ్లలో ఓవర్‌డోస్ చావులు 61 శాతం తగ్గాయి. జైలు గోడలు అవే, తాళాలూ అవే. లోపల మందు దొరికింది.

టెంట్లు ఎత్తేయించడం గురించి నేను చూసిందొకటి చెబుతాను. తెల్లవారుజామున నగరపాలక సంస్థ లారీ వచ్చింది, వెనక పోలీసు జీపు. సామాన్లు తీసుకోవడానికి కొద్ది నిమిషాలు టైమిచ్చారు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, పద్ధతిగానే చేశారు. మా దగ్గర వైద్యం తీసుకుంటున్న ఒకతను ఆ సమయానికి నీళ్ల కోసం వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అతని సంచి లారీలో నలిగిపోయింది. అందులో గుర్తింపు కార్డు, ఆసుపత్రి కాగితాలు, మేమిచ్చిన బ్యూప్రినార్ఫిన్, మా నంబరున్న ఫోను. కార్డు లేనిదే షెల్టర్‌లో పేరు రాసుకోరు. ఫోను లేనిదే అతనెక్కడున్నాడో మాకు తెలియదు. మళ్లీ కంటపడే నాటికి మందు ఆగిపోయి, పాత అలవాటులో పూర్తిగా మునిగిపోయి ఉన్నాడు. ఆ వీధి మాత్రం ఆ వారమంతా శుభ్రంగా ఉంది, కాదనను. అమెరికాలోని 23 నగరాలను తీసుకుని 2023లో కట్టిన ఒక గణిత నమూనా, ఇలా పదేపదే తరిమేస్తే, ఇల్లు లేక, సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లలో పదేళ్లలో జరిగే చావుల్లో 15 నుంచి 25 శాతం దాకా దానివల్లే కావచ్చని అంచనా వేసింది. అంచనా అంచనాయే, దాన్ని వేదం చేయను. ఆ సంచి గతి చూశాక మాత్రం ఆ అంకె నాకు అతిగా అనిపించలేదు.

మరి అమ్మేవాళ్లను పట్టుకుంటే? పట్టుకోవాల్సిందే. దానికీ ఒక తర్వాతి రోజు ఉంటుంది. అమెరికా నగరం ఇండియానాపొలిస్‌లో ఓపియాయిడ్ (హెరాయిన్, ఫెంటనిల్ జాతి) మత్తుమందుల పట్టివేతలను, ఓవర్‌డోస్‌లను పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం ఒకటి 2023లో వచ్చింది. పట్టివేత జరిగిన చోటికి చుట్టుపక్కల తర్వాతి మూడు వారాల్లో ఓవర్‌డోస్‌లు పెరిగాయి. ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తెలిసిన అమ్మకందారు లోపలికి పోతే వాడేవాడు తెలియనివాడి దగ్గర కొంటాడు, ఆ సరుకు ఎంత ఘాటో తెలియదు. దాడి చేసే రోజునే వీధి బృందాన్ని ఓవర్‌డోస్‌ను విరిచే నాలాక్సోన్‌తో, మొదటి డోసు మందుతో అక్కడ దించితే ఆ మూడు వారాల ముప్పును చాలావరకు కాచుకోవచ్చు. పోలీసులు దాడి గురించి ముందే చెప్పరు, గుట్టు బయటపడుతుందని భయం. అయిన గంటకైనా చెప్పండని బతిమాలుకుంటాం.

ఇక జురిక్. అక్కడ జరిగింది పూర్తిగా చెప్పేవాళ్లు తక్కువ. కఠినంగా ఉండాలనేవాళ్లు ఒక ముక్క చెబుతారు, దయ చూపాలనేవాళ్లు ఇంకో ముక్క. 1980ల చివర్లో రైల్వే స్టేషన్ వెనకున్న ప్లాట్స్‌పిట్జ్ పార్కులో హెరాయిన్ అమ్మకాన్నీ వాడకాన్నీ అధికారులు చూసీచూడనట్టు వదిలేశారు. ఊరంతా పాకడం కంటే ఒకచోట ఉండటం నయమని వాళ్ల ఆలోచన. వైద్య బృందాలు అక్కడే శుభ్రమైన సూదులు పంచాయి, ఊపిరి ఆగినవాళ్లను బతికించాయి. అంత మంచి పని చేస్తున్నా పార్కు ఏటికేడు దిగజారింది, ఎందుకంటే దేశం నలుమూలల నుంచీ, సరిహద్దు అవతల నుంచీ జనం అక్కడికే వచ్చి చేరారు. 1992 ఫిబ్రవరిలో పార్కుకు గేట్లు వేశారు. అందులోంచి వెళ్లగొట్టినవాళ్లకు చోటేదీ చాలినంతగా సిద్ధంగా లేదు. కొన్నాళ్లు చుట్టుపక్కల ఇళ్ల గుమ్మాల్లో, మెట్ల మీద వాడకం సాగింది. చివరికి కొద్ది దూరంలోనే లెట్టెన్ అనే మూతపడ్డ స్టేషన్‌లో అదే బజారు మళ్లీ తెరుచుకుంది, ఈసారి ఇంకా ఎక్కువ హింసతో.

1995 ఫిబ్రవరిలో లెట్టెన్‌నూ మూసేశారు. అది మళ్లీ లేవలేదు.

రెండుసార్లూ మూసింది పోలీసులే. నడుమ మూడేళ్లలో మారింది మిగతాది. మెథడోన్ అందుబాటు పెరిగింది. ఏ వైద్యానికీ లొంగని ముదిరిన రోగులకు క్లినిక్‌లో, సిబ్బంది కళ్లెదుటే డాక్టరు రాసిన హెరాయిన్ ఇచ్చే ప్రయోగం 1994లో మొదలైంది. పర్యవేక్షణలో వాడుకునే గదులు, రాత్రి పడుకునే చోట్లు పెరిగాయి. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను వాళ్ల వాళ్ల ఊళ్లకు తిప్పి పంపి, అక్కడి పాలకులే చూసుకునేలా చేశారు. వాడేవాళ్లు మళ్లీ ఒకచోట గుమిగూడకుండా పోలీసులు రోజూ కనిపెట్టుకుని ఉన్నారు. నివారణ, వైద్యం, నష్టం తగ్గింపు, చట్టం అమలు అనే నాలుగూ కలిపి స్విట్జర్లాండ్ జాతీయ విధానమయ్యాయి. 2008 రెఫరెండంలో 68 శాతం మంది దాన్ని సమర్థించారు, అది ఏమంత విప్లవాల దేశం కాకపోయినా. అందుకే “పోలీసులు ఏం చేసినా దండగే” అనే నా వృత్తివాళ్లతో నేను ఏకీభవించను. బహిరంగ బజారును అలాగే వదిలేయడం అక్కడ చిక్కుకున్నవాళ్లకు మేలు చేయదు. అమ్మకందారు పది అడుగుల్లో ఉన్నచోట మా మాట ఎవరు వింటారు?

పోర్చుగల్ విషయంలో “కేసులు ఎత్తేశారు” అనేది సగం మాటే. 2001 జులై 1 నుంచి పదిరోజుల వాడకానికి మించని మత్తుమందు దగ్గరుంటే అది నేరం కాదు, కానీ చట్టవిరుద్ధమే. పోలీసు సరుకు లాక్కుంటాడు, 72 గంటల్లోగా ముగ్గురు సభ్యుల కమిషన్ ముందు హాజరు కమ్మని చెబుతాడు. వ్యసనం లేనివాడిని మందలించి వదిలేస్తారు, ఉన్నవాడిని చికిత్సకు నెడతారు, అవసరమైతే జరిమానాలూ ఆంక్షలూ ఉంటాయి. అమ్మితే జైలే. దాంతోపాటే ప్రభుత్వ చికిత్సా కేంద్రాలను, వీధి బృందాలను దేశమంతటా పెంచారు. సూదుల ద్వారా కొత్తగా హెచ్‌ఐవీ సోకేవాళ్ల సంఖ్య బాగా పడిపోయింది. ఆర్థిక సంక్షోభం తర్వాత 2012లో ఈ సేవలను నడిపే జాతీయ సంస్థను రద్దుచేసి, చికిత్స పనిని ప్రాంతీయ ఆరోగ్య విభాగాలకు అప్పగించారు. తర్వాతి ఏళ్లలో పోర్తో లాంటి నగరాల్లో బహిరంగ వాడకం మీద ఫిర్యాదులు మళ్లీ మొదలయ్యాయి. ఈలోగా చట్టం ఎక్కడా వెనక్కి పోలేదని గమనించండి.

ఆరెగాన్‌లో 2020 నవంబరులో జనం ఓటేసిన మెజర్ 110 చట్టం 2021 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. మత్తుమందు దొరికితే 100 డాలర్ల జరిమానా చీటీ, హాట్‌లైన్‌కు ఫోన్ చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే అదీ మాఫీ. ఫోన్ చేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతే. చేయకపోయినా అడిగే నాథుడు లేడు. పోర్చుగల్ కమిషన్‌లా మనిషి ఎదుట మనిషి కూర్చునే ఏర్పాటే లేదు. చికిత్స కోసం కేటాయించిన డబ్బులో ఎక్కువ భాగం 2022 మధ్య దాటాక గానీ సంస్థల చేతికి రాలేదు. అంటే శిక్ష పోయింది ముందు, వైద్యం వచ్చింది ఏడాదికి పైగా ఆలస్యంగా. సరిగ్గా ఆ మధ్యకాలంలోనే ఫెంటనిల్ ఆ రాష్ట్రాన్ని ముంచెత్తింది. చావులు పెరగడానికి చట్టం కారణమా, ఫెంటనిల్ కారణమా అని పరిశోధకులు ఇంకా కొట్టుకుంటున్నారు. ఫెంటనిల్ రాకను లెక్కలో కలిపితే చట్టం ప్రభావం కనిపించడం లేదన్న అధ్యయనం నాకు సబబుగా తోస్తుంది. ఏమైనా 2024 సెప్టెంబరు 1 నుంచి మత్తుమందు దగ్గరుంచుకోవడం మళ్లీ నేరమైంది.

ఇళ్లు లేకపోవడాన్ని, మత్తును ఒకే గాటన కట్టేయడం ఈ చర్చలో ఇంకో జబ్బు. అమెరికాలో ఓవర్‌డోస్ చావుల రేటు ఏళ్లుగా అందరికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో వెస్ట్ వర్జీనియా మొదటిది. అక్కడ వీధిన పడ్డవాళ్లు తక్కువ, ఎందుకంటే అద్దెలు తక్కువ. కాలిఫోర్నియాలో అద్దెలు మండిపోతాయి, టెంట్లూ అక్కడే. ఇంకో సంగతి. వీధిన పడ్డాకే మత్తు మొదలుపెట్టినవాళ్లు నాకు బోలెడంత మంది తెలుసు. రాత్రి నిద్రపోతే సామాను పోతుంది, ఆడవాళ్లకైతే అంతకంటే ఘోరం జరుగుతుంది, అందుకే మెలకువగా ఉండటానికి మెథాంఫెటమిన్ వాడతారు. అలాంటి మనిషికి తలుపూ గొళ్లెమూ ఉన్న గది దొరకనంతకాలం నా కౌన్సెలింగ్ గాలికి పోయే మాటే.

ఫిన్లండ్ 2008 నుంచి షెల్టర్లను తీసేసి సొంత అద్దె ఒప్పందంతో ఫ్లాట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. హెల్సింకీలో అప్పటికి 558 షెల్టర్ పడకలుంటే 2016కు 52 మిగిలాయి. మత్తు మానితేనే ఇల్లు అనే షరతు పెట్టలేదు. అలాగని దీన్ని సర్వరోగ నివారిణి చేయకండి. కెనడాలో 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో సుమారు 2,000 మందితో జరిగిన పెద్ద ప్రయోగంలో, ముందే ఇల్లు ఇచ్చినవాళ్లు ఇళ్లలో నిలదొక్కుకున్నారు. మత్తు వాడకంలో మాత్రం మిగతావాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా రాలేదు. ఇల్లు ఇంటి పని చేస్తుంది, మందు మందు పని చేస్తుంది.

2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ పట్టణం కేసులో 6–3 తీర్పుతో, బహిరంగ ప్రదేశాల్లో పడుకోవడాన్ని నిషేధించి జరిమానా వేయడం రాజ్యాంగ విరుద్ధమైన క్రూరశిక్ష కాదని తేల్చింది. ఆ కేసు నాటికి ఆ పట్టణంలో జరిమానా 295 డాలర్లతో మొదలయ్యేది. ఇల్లు లేనివాడి దగ్గర అంత సొమ్ము ఎక్కడిది? కట్టకపోతే అది రికార్డుకెక్కుతుంది, రేపు అద్దె ఇల్లు అడిగితే ఇంటి యజమానికి అదే కనబడుతుంది. అధికారం ఉందని తేలింది సరే, దాన్ని ఏ వరసలో వాడాలన్నది హ్యూస్టన్‌ను చూసి నేర్చుకోవచ్చు. అక్కడ ముందు టెంట్లలో ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని, ఇల్లో తాత్కాలిక బసో కుదిర్చి, ఆ తర్వాతే ఆ స్థలాన్ని మూస్తారు. 2011 నుంచి అక్కడ ఇళ్లు లేనివాళ్ల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది.

మా వైపు లోపాలూ చెప్పాలి. మెథాంఫెటమిన్ వ్యసనానికి ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. మూత్ర పరీక్షలో మత్తు కనబడనప్పుడల్లా చిన్న బహుమతి ఇచ్చే పద్ధతికి మిగతా వాటికంటే మంచి ఆధారాలున్నాయి, కానీ “వాళ్లకు ఎదురు డబ్బులివ్వడమేమిటి” అని రాజకీయ నాయకులు దాన్ని పక్కన పెడతారు. “సిద్ధమైనప్పుడు అతనే వస్తాడు” అనే మాట మా వృత్తిలో బద్ధకానికి ముసుగైపోయింది. కాలికి పుండు పట్టి పురుగులు పడుతున్నా, మనిషి తన పేరు తాను చెప్పలేని స్థితిలో ఉన్నా, “ఒప్పుకోలేదు” అని రాసి వెళ్లిపోవడం నాకు సమ్మతం కాదు. అలాంటి కొద్దిమందికి కోర్టు పర్యవేక్షణలో, గడువు పెట్టి బలవంతపు వైద్యం అవసరమే. అందరినీ పట్టి శిబిరాల్లో వేయడం వేరే సంగతి. అలాంటి నిర్బంధ కేంద్రాలను మూసేయమని 2012లోనే 12 ఐక్యరాజ్యసమితి సంస్థలు ఉమ్మడిగా కోరాయి. అక్కడి నుంచి బయటికొచ్చినవాడికి, మందు లేని జైలు నుంచి వచ్చినవాడికి ఉన్న ముప్పే ఉంటుంది.

మీ నగరం రేపు ఏ పథకం ప్రకటించినా, దానికి “కఠిన చర్య” అని పేరు పెట్టినా “కరుణ” అని పెట్టినా, మీరు అడగాల్సింది ఒకటుంది. శుక్రవారం రాత్రి పదకొండింటికి ఒక కానిస్టేబుల్‌కు “మానేస్తాను సార్” అనే మనిషి దొరికితే అతన్ని ఎక్కడికి తీసుకెళ్తాడు? అక్కడ తలుపు తీసేదెవరు, మందు ఆ రాత్రే ఇస్తారా, అతని సంచి ఎక్కడ దాస్తారు? “సోమవారం ఓపీకి పంపుతాం” అనేది జవాబైతే ఆ పథకానికి నేను మద్దతివ్వను.

మీ గేటు ముందు సిరంజీల సంగతి. శుభ్రమైన వీధి కావాలనడం మీ హక్కు, దానికి ఎవరూ మిమ్మల్ని దయలేనివాళ్లనకూడదు. సిరంజీలను వట్టి చేతులతో ముట్టకండి, మూత పెట్టే ప్రయత్నం అసలు చేయకండి. మందమైన గ్లవ్స్, పట్టకారు, గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉంటే చాలు. సూది గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. సిరంజీలు వేసే పెట్టెను ఆ వీధిలోనే పెట్టమని నగరపాలక సంస్థకు రాతపూర్వకంగా అడగండి. పెట్టె పెడితే వాడకం పెరుగుతుందని కొందరు అడ్డుపడతారు. పెట్టె లేని ఇన్నాళ్లూ వాడకం ఆగలేదు కదా అని అడగండి.